అర్ధరాత్రి గొడుగు

పేదరికాన్ని లెక్కగట్టడానికి ఆర్థికశాస్త్రం దగ్గర చాలా కొలతలున్నాయి గానీ, ఒక కుటుంబం పేదరికం నుంచి బయటపడిందని ఊరు ఎప్పుడు ఒప్పుకుంటుందో చెప్పే కొలత మాత్రం వాటిలో లేదు. తిండిగింజలు, కూలి రేటు, ఇంటి పైకప్పు వంటివాటిని బట్టి ఒక కుటుంబం గీతకు పైన ఉందో కింద ఉందో తేల్చవచ్చు. అయితే ఆ గీత దాటి వచ్చిన మనిషి రచ్చబండ దగ్గరో, బ్యాంకులోనో, పెళ్ళిపందిట్లోనో నిలబడినప్పుడు అతడి చొక్కాను చూసి, నోటిమాట విని లోకం మరో లెక్క మొదలుపెడుతుంది. ఈ రెండో లెక్కను గురించి స్పష్టంగా రాసిన తొలి ఆర్థికవేత్తల్లో ఆడమ్ స్మిత్ ఒకడు. గ్రీకులు, రోమన్లు నార చొక్కా ఎరగకుండానే సుఖంగా బతికారనీ, తన కాలపు ఐరోపాలో మాత్రం పరువు గల దినకూలీ ఎవడూ నార చొక్కా లేకుండా నలుగురిలోకి రాలేడనీ, కనుక ఆ చొక్కా విలాసం కాక అవసరమే అవుతుందనీ అతడు 1776లో వెలువడిన గ్రంథంలో వాదించాడు. తరవాత రెండు శతాబ్దాలకు అమర్త్య సేన్ ఆ వాదాన్ని మళ్ళీ పైకి తీసి, సిగ్గుపడకుండా నలుగురిలో కనిపించగలగడం కూడా మనిషికి ఉండవలసిన సామర్థ్యాలలో ఒకటని, అది కొరవడడం పేదరికంలో భాగమేనని సిద్ధాంతీకరించాడు. స్మిత్ చెప్పింది బట్ట సంగతి. తెలుగునాట ఆ లెక్కలోకి మాట కూడా చేరుతుంది. చేరడమే కాదు, చాలాసార్లు బట్ట కన్నా ముందు మాటే పట్టిస్తుంది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి పిఠాపురం వంటి చోటు మరొకటి దొరకడం కష్టం. ఏలేరు నీటి కింద వరి పండే నేల ఒకవైపు, ఉప్పాడ మగ్గాలూ చేపల రేవులూ ఉన్న సముద్రతీరం మరోవైపు, మధ్యలో ఒక పెద్ద జమీందారీ కోట ఉన్న ఈ ప్రాంతంలో నేసేవారు, కట్టేవారు, కూలి చేసేవారు, నిఘంటువులు రాయించేవారు అందరూ ఒకరికొకరు కూతవేటు దూరంలోనే బతికారు. తెలుగు ఎలా మాట్లాడాలి, ఎలా రాయాలి అన్న వివాదానికి డబ్బు పెట్టిన సంస్థానం ఇదే. పేద పిల్లలకు, ఆనాడు పంచములని దూరం పెట్టిన కులాల పిల్లలకు కాకినాడలో చదువూ వసతీ ఇచ్చిన సంస్థానమూ ఇదే. ఈ రెండు పనులూ ఒకే చేతి మీదుగా జరగడంలో ఉన్న వైరుధ్యం చిన్నది కాదు.

ముందుగా బట్ట సంగతి. గోదావరి జిల్లాల పల్లెల్లో ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా ఎవరు ఏది ఎంతవరకు కట్టవచ్చో చెప్పే కట్టుబాట్లు రాత లేకుండానే అమలయ్యేవి. పాలేరు, అంటే ఏడాదికింత అని ధాన్యం రూపంలో జీతం మాట్లాడుకుని రైతు ఇంట పనికి కుదిరిన మనిషి, పంచెను మోకాలి పైకి ఎగగట్టుకోవాలి. ఆసామి ఎదురైతే భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకోవాలి. పెద్దకులాల వీధి వచ్చేసరికి చెప్పులు చేతికి తీసుకోవాలి. దక్షిణాదిలో చాలాచోట్ల గొడుగు మీద కూడా ఇలాంటి నిషేధమే ఉండేది. ఛత్రం రాజలాంఛనం కావడంతో దాని నీడ ఎవరి మీద పడాలన్నది ఎండవానలకు సంబంధించిన ప్రశ్న కాకుండా పోయింది. ఈ నియమాలకు పేదరికం కారణమని పైకి కనిపిస్తుంది గానీ, తువ్వాలు కొనుక్కోగలిగినవాడే దాన్ని భుజం మీంచి తీయవలసి వచ్చేదన్న సంగతిని గమనిస్తే, ఇవి లేమిని సూచించే నియమాలు కావనీ, కలిమి వచ్చినా అది కంటికి కనిపించకుండా చూసే నియమాలనీ తెలుస్తుంది.

తెలుగులో ఈ వ్యవహారమంతా ఒక సామెతలో ఇమిడి ఉంది. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. కొత్తగా డబ్బు చేసినవాడి అట్టహాసాన్ని ఎగతాళి చేయడానికి పిఠాపురం సంతలోనూ, కాకినాడ కచేరీలోనూ, పత్రికల సంపాదకీయాల్లోనూ ఈ మాటను వాడనివారు లేరు. అయితే ఈ సామెత ఎవరు చెప్పినదన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేసినట్టు కనబడదు. పగటిపూట గొడుగు పట్టుకునే హక్కు లేని మనిషికి దాన్ని పట్టుకోవడానికి మిగిలిన వేళ ఏది? ఎండలో పడితే తన్నులు, చీకట్లో పడితే నవ్వులు అన్న స్థితిలో అతడు చీకటిని ఎంచుకున్నాడంటే, దాన్ని అవివేకం అనడం కంటే తూకం తెలిసిన ఎంపిక అనడమే న్యాయం. సామెత గొడుగు ఉన్నవారి ఇళ్ళల్లో పుట్టింది. అందువల్ల అల్పుడు అన్న మాటకు సంజాయిషీ ఇవ్వవలసిన పని దానికి లేకపోయింది. దీనికి తోడుగా ఉన్న మరో సామెత, కూటికి పేదైతే కులానికి పేదా అన్నది, కింద పడిపోయిన పెద్దింటివారిని ఓదారుస్తుంది. తిండి లేకపోయినా వారి గౌరవం వారికి మిగులుతుందని దాని భరోసా. అదే సూత్రాన్ని తిరగేస్తే, కూటికి కలిగినవాడికి గౌరవం దానంతటదే రాదన్న అర్థం బయటపడుతుంది. దాన్ని సామెతగా చెప్పవలసిన అవసరం ఎవరికీ కలగలేదు, ఎందుకంటే ఊరు దాన్ని రోజూ ఆచరిస్తూనే ఉంది.

కొత్తగా సంపాదనలోకి వచ్చినవారు మొదటి జీతంతోనే బట్టలకు, చెప్పులకు, వాచీకి ఖర్చుపెడతారనీ, పొదుపు తెలియదనీ వినిపించే విమర్శను ఈ నేపథ్యంలో తూచి చూడాలి. బియ్యం డబ్బాలో ఎన్ని కుంచాలున్నాయో బ్యాంకు గుమస్తాకు కనిపించదు, ఇస్త్రీ చొక్కా కనిపిస్తుంది. పాత బట్టలతో వెళ్ళిన ధనికుడికి అది నిరాడంబరత, పేదవాడికి అది సాక్ష్యం.

బట్ట విషయంలో పిఠాపురం ప్రాంతానికి ఉన్న మరో విడ్డూరం ఉప్పాడ జాందానీ. మగ్గం మీద నిలువుగా సాగే దారాలు పడుగు, అడ్డంగా నాడెతో వేసే దారం పేక. జాందానీ పద్ధతిలో ఈ పేకతో పాటు ప్రతి బుటాకూ విడిగా మరో దారాన్ని చేతితో ఎక్కించుకుంటూ పోవాలి కనుక, ఒక్కో చీర మగ్గం దిగడానికి వారాలు పడుతుంది, పనితనం ఎక్కువైతే నెలలూ పడుతుంది. పిఠాపురం, బొబ్బిలి, వెంకటగిరి వంటి సంస్థానాల ఆదరణతో నిలిచి, ఆ ఆదరణ పోయాక క్షీణించి, 1980ల చివర ఘనశ్యామ్ సరోదే వంటి రూపశిల్పుల చొరవతో మళ్ళీ లేచిన ఈ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఆ చీర కట్టుకున్నామె హైదరాబాదు పెళ్ళిలో అడుగుపెడితే అభిరుచి గల మనిషి అని అనిపించుకుంటుంది. ఆ అభిరుచిని గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని తన వేళ్ళతో పుట్టించినామె ఒంటి మీద సాధారణంగా ఉండేది బజారులో దొరికే ఛాపా చీర. ఒకవేళ తాను నేసిన చీరనే కట్టుకుని ఆమె బస్సెక్కితే, చూసేవారు దాన్ని ఎవరో ఇచ్చిందిగా భావిస్తారు. వస్తువును తయారు చేయడం వల్ల రాని హోదా దాన్ని ధరించడం వల్ల వస్తుందన్నది ఒక సంగతి. ధరించిన ప్రతివారికీ అది రాదన్నది దానికన్నా లోతైన సంగతి. ఫ్రెంచి సామాజికవేత్త పియెర్ బోర్దియు 1979లో అభిరుచుల మీద రాసిన ఉద్గ్రంథంలో సాంస్కృతిక మూలధనం అన్న భావనను వివరించాడు: పుట్టినింట అప్రయత్నంగా అబ్బిన నడవడి, మాట, ఇష్టాయిష్టాలు డబ్బులాగే పనిచేసే ఆస్తి అని దాని భావం. తరవాత కష్టపడి నేర్చుకున్నవాడి దగ్గర అవే లక్షణాలు నకిలీ నాణేల్లా అనుమానానికి గురవుతాయి.

మాట దగ్గరికి వస్తే చిక్కు ఇంకా పెద్దది, బట్ట మార్చినట్టు నాలుక మార్చడం కుదరదు. ఆధునిక ప్రమాణ భాష అని పిలిచే తెలుగుకు కృష్ణా, గుంటూరు, ఉభయ గోదావరి జిల్లాల చదువుకున్నవారి వాడుక ఆధారమని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి వంటివారు నిరూపించారు. అంటే పటం మీద చూస్తే పిఠాపురం ఆ ప్రమాణానికి నడిబొడ్డునే ఉంది. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర పలుకుబళ్ళకు జరిగిన అన్యాయం గురించి చాలా చర్చ జరిగింది, జరగవలసిందే. కాని ఆ ప్రమాణం పుట్టిన నేల మీదే పుట్టిన వ్యవసాయకూలీ బిడ్డకు అది పరాయి భాషే అన్న సంగతి ఆ చర్చలో సరిగా పైకి రాలేదు. చకారం సకారమై సదువు, సెయ్యి, సూడు అని పలకడం, మొదటి వకారం జారిపోయి ఎళ్తాను అనడం, ఒత్తక్షరాలు తేలికపడి దర్మం, బాద అనడం ఈ వాడల పిల్లవాడికి తల్లి దగ్గర నేర్చిన సహజ భాష. ఆ పిల్లవాడు బడిలో నోరు తెరిచిన క్షణానే ఏ పేట నుంచి వచ్చాడో తరగతికంతటికీ తెలిసిపోతుంది.

ఇక్కడే సంస్థానం కథలోకి వస్తుంది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథిక భాషను, అంటే పూర్వకావ్యాల వ్యాకరణానికి కట్టుబడిన రాతభాషను కాపాడడానికి పూనుకుంది. జయంతి రామయ్య పంతులు దానికి సారథి, పిఠాపురం మహారాజా రావు వెంకట కుమార మహీపతి సూర్యారావు ప్రధాన పోషకుడు. ఆయన ధనసహాయంతో ఆయన పేరు మీదే తయారైన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడి, ఎనిమిది సంపుటాలుగా పూర్తయ్యేసరికి దశాబ్దాలు పట్టింది. ప్రధానంగా కావ్యశాస్త్ర గ్రంథాల పదసంపదను పోగుచేసిన మహానిర్మాణం అది, ఈనాటికీ దానికి సాటి లేదు. ఎదుటి పక్షాన గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు నిలిచి, చదువు పదిమందికీ అందాలంటే వాడుక భాషలోనే రాయాలని పోరాడారు. చివరికి గెలిచింది వారి వాదమే. అయితే వారు ప్రతిపాదించినది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్న మర్యాదస్తుల నోట వినిపించే వాడుక. గిడుగు సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన ఉదారుడు కనుక ఆయన మనసులో చిన్నచూపు ఉందనడం తప్పవుతుంది. ఫలితం మాత్రం ఇది: గ్రాంథికం కోట గోడ కూలింది, పేదవాడి పలుకు ఇంకా ఆవలి వీధిలోనే ఉండిపోయింది. చేతివృత్తులవారి, రైతుకూలీల నోటిమాటలను నిఘంటువుకు ఎక్కించే పని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఆధ్వర్యంలో భద్రిరాజు కృష్ణమూర్తి చేతుల మీదుగా 1962లో వ్యవసాయ పదాల సంపుటంతో, 1971లో చేనేత పదాల సంపుటంతో మొదలైంది. నాగలి భాగాలకూ మగ్గం భాగాలకూ ఉన్న పేర్లు మొదటిసారి పండితుల బీరువాల్లోకి చేరినా, ఆ మాటలు పలికే మనిషికి కచేరీలో కుర్చీ వేయించే శక్తి వాటికి రాలేదు.

ప్రమాణ భాషను కష్టపడి నేర్చుకున్నవారి మీద పడే మరో దెబ్బ ఉంది. విలియం లాబోవ్ అనే అమెరికన్ భాషావేత్త 1960లలో న్యూయార్క్ నగరంలో జరిపిన పరిశోధనలో, మెట్టు ఎక్కాలని ఆరాటపడే దిగువ మధ్యతరగతివారు జాగ్రత్తగా మాట్లాడే సందర్భాల్లో పైతరగతివారి ఉచ్చారణను అందుకోవడమే కాక దాన్ని మించిపోతారని కనుగొన్నాడు. దీన్ని అతిదిద్దుబాటు అనవచ్చు. తెలుగునాట గోడల మీది రాతల్లో విధ్యార్థి, భాధ అన్న రూపాలు కనిపించినప్పుడు నవ్వుకునే పండితులు, అక్కడ ఒత్తు లేనిచోట ఒత్తు పెట్టిన చేయి ఒకప్పుడు ఒత్తు పెట్టనందుకు బెత్తం దెబ్బ తిన్న చేయి అయి ఉండవచ్చన్న ఆలోచన చేయరు.

గోదావరి జిల్లాల మాటకు మర్యాద ఎక్కువన్న పేరుంది. ప్రతి మాట చివరా వచ్చే అండి, కోనసీమవారి ఆయ్ సినిమాల పుణ్యమా అని లోకమంతటికీ తెలుసు. ఆ మర్యాద ఏ దిశలో ప్రవహిస్తుందన్నది మాత్రం సినిమాల్లో కనిపించదు. ఆసామి ఇంటి పదేళ్ళ కుర్రవాడు అరవై ఏళ్ళ పాలేరును ఏరా అని పిలవడం, ఆ పెద్దాయన ఆయ్ బాబూ అని బదులివ్వడం ఒక తరం క్రితం వింత కాదు. ఆ పాలేరు కొడుకు చదివి ఉద్యోగస్థుడై తిరిగి వచ్చినప్పుడు ఊరికి వ్యాకరణ సంకటం ఎదురవుతుంది: నువ్వు అంటే అతడు నొచ్చుకుంటాడు, మీరు అంటే తమ నోరు నొచ్చుకుంటుంది. తెలుగువారి తెలివి ఇక్కడ చూడాలి. కర్త లేని వాక్యాన్ని కనిపెట్టి, ఎప్పుడు రావడం, భోజనం అయిందా, ఉద్యోగం ఎక్కడ అంటూ ఏ సర్వనామమూ ముట్టకుండా పలకరింపు ముగిస్తారు. అతడు ఉపాధ్యాయుడైతే మేష్టారు అన్న పిలుపు సంకటాన్ని తీరుస్తుంది, గౌరవం పదవికి దక్కి మనిషి దగ్గర ఆగిపోతుంది. ఒక కుటుంబం ఎంత దూరం వచ్చిందో కొలవడానికి ఈ తప్పించుకునే వాక్యాలను లెక్కపెట్టడం కన్నా నమ్మకమైన పద్ధతి లేదనిపిస్తుంది.

పిఠాపురం రాజా పేరిట కాకినాడలో వెలసిన కళాశాల చరిత్రలో ఈ ప్రశ్నకు మరో ముఖం కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి రెండు దశాబ్దాల్లో ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు (1862–1939) బ్రహ్మసమాజ ఆదర్శాలతో కులభేదాన్ని వ్యతిరేకించి, పేద విద్యార్థులను ఆదుకుని, తనను గురువుగా భావించిన మహారాజా చేత అనాథశరణాలయానికి, ఆది ఆంధ్ర బాలుర వసతిగృహానికి దన్ను ఇప్పించాడు. ఆపాదమస్తకం తెల్లని దుస్తులు ధరించే ఆయనకు శ్వేతాంబర ఋషి అన్న పేరు వచ్చింది. ఆ తెలుపు ఆయన శీలానికి చిహ్నమని శిష్యులు భావించారు, అందులో అబద్ధం లేదు. కాని తెల్లబట్ట మరక దాచదు. దాన్ని తెల్లగా ఉంచడానికి నీరు, సబ్బు, చాకిరీ, మురికి అంటని వృత్తి కావాలి. వసతిగృహంలో చేరిన కూలిబిడ్డకు శుభ్రత గురించి చేసిన బోధ మేలు కోరినదే అయినా, పొలం నుంచి తిరిగి వచ్చే తన తండ్రి ఆ బోధ ప్రకారం ఎప్పటికీ గౌరవనీయుడు కాలేడన్న ఎరుక ఆ పిల్లవాడిలో కలిగి ఉండకపోతేనే ఆశ్చర్యం. ఇదే కాలంలో పిఠాపురం సమీప గ్రామంలో 1897లో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రి జులపాల జుట్టు, ఉత్తరీయం ఆంధ్రదేశపు యువకులకు అనుకరణీయమైన కవివేషమయ్యాయి. పండితవంశంలో పుట్టినవాడు జుట్టు పెంచితే అది భావుకత అవుతుందన్న వెసులుబాటు ఇందులో ఉందని వేరే చెప్పనక్కరలేదు.

నిరాడంబరత ఎవరికి అందుబాటులో ఉంటుందన్న ప్రశ్నకు ఆ శతాబ్దపు ఇద్దరు నాయకుల బట్టలే జవాబు. 1921 సెప్టెంబరులో మధురైలో గాంధీ చొక్కా, టోపీ వదిలి కొల్లాయికి మారాడు. అంబేద్కర్ నలుగురిలోకి ఎక్కువగా సూటులోనే వచ్చాడు. 1927లో మహద్‌లో దళిత స్త్రీలతో మాట్లాడుతూ చీరకట్టును మార్చుకొమ్మనీ, కులాన్ని పట్టిచ్చే ఆనవాళ్ళను వదలమనీ ఆయన చెప్పాడు. దివాను కొడుకు వదిలితే త్యాగమయ్యేది, అంటరానివాడని పిలిపించుకున్నవాడు వదిలితే తన స్థానానికి తాను తిరిగి వెళ్ళడమవుతుంది. ఈ తేడాను గోదావరి సీమ సాహిత్యంలోకి తెచ్చినవాడు మామిడికుదురుకు చెందిన బోయి భీమన్న (1911–2005). కాకినాడ కళాశాలలోనే చదివిన ఆయన 1940ల తొలినాళ్ళలో రాసిన పాలేరు నాటకంలో రైతు ఇంట చాకిరీ చేసే కుర్రవాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరు అవుతాడు. ఆ నాటకం చూసి ఎందరో పాలేర్లు బడి బాట పట్టారని ప్రతీతి. రంగస్థలం మీద ఆ మార్పును చూపే సాధనాలు వేషమూ మాటా తప్ప మరేమున్నాయి? గోచీ పోయి కోటు వచ్చిన క్షణం చప్పట్లు మోగి ఉంటాయి. తెర పడ్డాక అదే కోటుతో తన ఊరికి వెళ్ళిన నిజమైన అధికారికి ఆ చప్పట్లు దొరికాయా అన్నది నాటకం పరిధిలోని ప్రశ్న కాదు.

నేటి కొలతలు మారాయి. గల్ఫ్ దేశాల్లో ఇంటిపని చేసి ఉభయ గోదావరి జిల్లాలకు తిరిగి వచ్చిన స్త్రీల డబ్బుతో కట్టిన డాబాలను ఊరు ఆమోదిస్తుంది, వారి సెంటు వాసనను, మెరుపు చీరలను గురించి మాత్రం గుసగుసలాడుతుంది. కాకినాడ ఇంజనీరింగు కళాశాలల్లో ఉద్యోగ ఇంటర్వ్యూకు ముందు సాఫ్ట్ స్కిల్స్ పేరుతో నేర్పే వాటిలో సగం టై ముడి, మిగతా సగం ఇంగ్లీషు ఉచ్చారణ. 2020 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకు ఏకరూప దుస్తులతో పాటు బూట్లు, బెల్టు కూడా ఇస్తున్నారంటే, స్మిత్ నార చొక్కా వాదాన్ని ప్రభుత్వం రెండున్నర శతాబ్దాలకు ఒప్పుకున్నట్టే. బట్ట వరకు సమానత్వం కొంత సాధ్యమని దీనితో తేలింది. మాటకు ఏకరూప దుస్తులు కుట్టించడం ఎవరివల్లా కాదు, కుట్టించాలనుకోవడం తప్పు కూడా.

మాట విషయంలో మార్పు రాదనుకోవడమూ సరికాదు. ఒకప్పుడు తెలుగు సినిమాల్లో పనివాళ్ళకు, రౌడీలకు కేటాయించిన తెలంగాణ పలుకు, 2014లో రాష్ట్రం ఏర్పడిన తరవాత కథానాయకుడి నోట, కథానాయిక నోట నిస్సంకోచంగా వినిపిస్తోంది. ఆ పలుకు మాట్లాడేవారు తమ నాలుకను దిద్దుకోలేదు, వినేవారి చెవి మారింది. దాని వెనుక దశాబ్దాల ఉద్యమం, శాసనసభ, బడ్జెట్టు ఉన్నాయి. ప్రాంతానికి సరిహద్దులు గీయవచ్చు కనుక అది సాధ్యమైంది. పిఠాపురం కూలిపేట పలుకుకూ ఉప్పాడ రేవు పలుకుకూ అటువంటి సరిహద్దు లేదు, అవి పక్కవీధి ప్రమాణ భాషతో గోడ పంచుకుని బతుకుతున్నాయి. కనుక ఆ పేటల పిల్లలు ఇంట్లో ఒక తెలుగు, బడిలో మరొక తెలుగు, కొలువులో ఇంగ్లీషు మాట్లాడుతూ, సెలవులకు వచ్చినప్పుడు బస్సు దిగకముందే ఏ మాట ఎవరి దగ్గర వాడాలో సర్దుకుంటున్నారు. పాత పలుకు మరచిపోతే వీడికి కళ్ళు నెత్తికెక్కాయని పేట అంటుంది, మరవకపోతే ఎంత చదివినా బుద్ధి పోనిచ్చుకోలేదని వీధి అంటుంది.